ఆంగ్లమున శోకవాచకములు – అనువాదవివేకము

ఆంగ్లమునఁ బ్రియజనమరణముచేఁ గలుగు వేదనను దెలుపు పదములు పెక్కులు గలవు. వానిలో గ్రీఫ్, బిరీవ్‌మెంట్, సారో, మోర్నింగ్ అనునవి ముఖ్యములు. ఈ నాలుగింటిని 'దుఃఖ' మను నొక్కపదముతోఁ దెనిఁగించుట సులభమే కాని సాధువు గాదు. వాని ప్రకృతులు వేఱు, ప్రవృత్తులును వేఱు.

'బరువైన' యను నర్థముగల గ్రావిస్ అను లాటినుపదము గ్రీఫునకు మూలము. అది ప్రాచీన ఫ్రెంచిభాషద్వారమున నాంగ్లమునఁ జేరినది. గ్రావిస్ మన గురుశబ్దమునకు సజాతీయము. కావున 'శోకభార' మనునపుడు గ్రీఫునందలి భావము చక్కఁగా నిలుచును. శోకశబ్దమన్ననో శుచధాతుజము. ధాతుపాఠమున దీనికి శోకార్థమే చెప్పఁబడినను, వేదమున వెలుఁగుట, మండుట యను నర్థములు ప్రసిద్ధములు. ఆంగ్లపదమున దుఃఖము మోయఁబడును. సంస్కృతపదమున నది కాల్చును.

బిరీవ్ అనఁగాఁ బ్రాచీనాంగ్లమున దోఁచుకొనుట. రాబ్ అను క్రియయుఁ దత్సజాతీయమే. ఈ ధాతువునకుఁ గర్మార్థమున బిరీవ్‌డ్, బిరెఫ్ట్ అని రెండురూపములు గలవు. బంధుమరణమునఁ గుందువానియెడ మొదటిదియు, ఆశాదులను గోల్పోయినవానియెడ రెండవదియుఁ బ్రాయికముగా వాడఁబడుచున్నవి.

సారో, సారీ అనునవి యేకమూలములని తోఁచును. అది భ్రమ. మొదటిది చింతార్థకమగు సోర్గ్ నుండియు, రెండవది నొప్పిని దెలుపు వేఱొకపదమునుండియుఁ బుట్టినవి. ధ్వనిసామ్యమాత్రము ధాతునిర్ణయమునకుఁ జాలదు.

మోర్నింగ్ బాహ్యాచరణమునుగూడఁ దెలుపును. 1861లో ఆల్బర్టు మరణించినది మొదలు 1901లోఁ దాను గతించువఱకు విక్టోరియారాణి నల్లని వస్త్రములు ధరించుట యిట్టిది. దీనిని 'ఆశౌచ' మనుట పొసఁగదు. ఆశౌచము దినపరిమితిగల శాస్త్రనియమము; దుఃఖము లేకున్నను జ్ఞాతిత్వమాత్రమునఁ బ్రాప్తించును.

భర్తను గోల్పోయినయామె విడో. ఇది విధవాశబ్దమునకు సజాతీయము. తల్లిదండ్రులను గోల్పోయిన బిడ్డ ఆర్ఫన్. బిడ్డను గోల్పోయిన తల్లికి మాత్ర మాంగ్లమున నేకపదమగు పేరు వాడుకలో లేదు. తెలుఁగుననో యామె వేదనకే గర్భశోకము, కడుపుకోఁత యను పేళ్లు గలవు. అట్టి తల్లినిగూర్చి గ్రీఫ్ అని యున్నచోట 'దుఃఖము' అని వ్రాయుట యున్న సంపదను విడిచి బిచ్చమెత్తుట. కావున ననువాదకుఁడు నిఘంటువును దెఱచుటకు ముందు, పోయినవా రెవరు, ఏడ్చుచున్నవా రెవరు అని విచారింపవలయును.