శకుంతల యుంగరము

అభిజ్ఞాన శాకుంతలమున నాలుగవ యంకమనగానే అందఱికిని కణ్వమహర్షి కన్నీరు జ్ఞప్తికి వచ్చును. పాఠము చెప్పునపుడు నేనును అనేక సంవత్సరములు ఆ కన్నీటిచెంతకే త్వరపడి పోవుచుంటిని. దానికి ముందు నాలుగు మాటలలో ముగిసిపోవు చిన్న సన్నివేశ మొకటి కలదు. ఆశ్రమవృక్షములు శకుంతలకు పట్టుబట్టయు, లత్తుకయు, సొమ్ములును ఒసగినవి. అనసూయా ప్రియంవదలు వానిని తొడుగవలెను. కాని వారెన్నడును నగలు పెట్టుకొని యెఱుగరు. చిత్తరువులలో చూచిన పరిచయమే ఆధారముగా నెచ్చెలికి వానిని తొడిగిరి.

ఇచ్చట కవి ముగ్ధత్వమును చూపినాడని చెప్పి ముందుకు సాగుట సులభము. నాకిప్పుడు మఱియొకటి తోచుచున్నది. క్రొత్తగా నగలు పెట్టుకొనువారికి మనము తలపెట్టు మేలులోని లోపమంతయు ఈ సన్నివేశమున నున్నది. ప్రియంవదకు ప్రేమ కొఱవడలేదు. ఆమెకు కొఱవడినది అనుభవము. చిత్తరువునకు బరువు తెలియదు. అది చెమర్చదు, నీరు తోడదు, నిదురలో ప్రక్కకు తిరుగదు. చిత్తరువును చూచి యెన్నిన సొమ్ము చిత్తరువునకే యమరును. నేడు ఆ చిత్తరువుల స్థానమున అంగళ్ళ ప్రకటనలును, పెండ్లి ఛాయాచిత్రములును ఉన్నవి. అంతియే భేదము.

కాళిదాసునకు ఈ సంగతి తెలియును. మొదటి యంకమున శకుంతల చెట్లకు నీరు పోసి యలసియున్నది. చెవిని పెట్టుకొన్న దిరిసెనపువ్వు చెమటకు చెక్కిలి నంటి కదలకున్నది. ఆమె నిత్యాభరణ మది. పనిచేయు మేనితో పొత్తు కుదిరిన యలంకారము. రాజు ఆమెను వలచినది ఆ పువ్వుతో చూచియే గాని చెట్లిచ్చిన సొమ్ములతో చూచి కాదు.

పిమ్మట ఉంగరము వచ్చినది. అది రాజు పేరు చెక్కినది. రాజే దానిని ఆమె వ్రేలికి తొడిగి పోయెను. శచీతీర్థమున నీటికి మ్రొక్కుచుండగా జాఱిపోయెను. రాజు మఱపునకు దుర్వాసుని శాపము కారణము. ఉంగరము జాఱుటకు మాత్రము శాప మక్కఱలేదు. పురుషుని వ్రేలికి చేసినది ఆశ్రమకన్య వ్రేలికి వదులుగా నుండదా? చల్లని నీట వ్రేలు సన్నగిలును; తడిలో లోహము జాఱును. ఇది నా యూహయే గాని కవి నోరువిప్పి చెప్పినది కాదు. అయినను ఉంగరము కొనబోవు ప్రతివారును ఈ యూహను మనసున నుంచుకొనిన నష్టము లేదు.

ఇక రాజసభలో జరిగినది మనము ఊరక చదివి విడువదగినది కాదు. అచ్చట శకుంతల నోటిమాట చెల్లలేదు. ఉంగరము చూపబోయి వట్టి వ్రేలు చూచుకొన్నది. అదే యుంగరము చేపకడుపున దొరకి, జాలరిచేతినుండి రాజును చేరగానే ఆమె చెప్పినదంతయు సత్యమై పోయెను. స్త్రీ మాటకంటె ఆమె మేనిమీది లోహమునకు సాక్ష్యబల మెక్కువ! మన యిండ్లలో ఈ న్యాయము నేటికిని పోలేదు. క్రొత్తకోడలి మెడ పుట్టినింటి కలిమికి సాక్షి. కాలిమట్టెలు సౌభాగ్యమునకు సాక్షులు. భర్త పోయినదాని బోడిచెవులు ఆమె దురదృష్టమునకు సాక్షులు. పెట్టించుటయు, తీయించుటయు ఇతరుల పనియే.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆ త్రోవ నడచితిమని చెప్పుకొను కుటుంబములలో మాది యొకటి. మా చెల్లెలికి చిన్నతనముననే భర్త పోయెను. పది సంవత్సరములు చెవులకేమియు లేక గడపి, ఉద్యోగములో చేరిన పిదప చెవులకు ఏదైన పెట్టుకొందునని మెల్లగా అన్నది. పెద్దలు మొగము త్రిప్పుకొనిరి. సంస్కారులమైన మేము పంతముపట్టి ఆ వారములోనే జుంకాలును, పేటల గొలుసును, రెండుంగరములును కొని తెచ్చితిమి. ఆమె మా యుత్సాహమును చూచి కాదనలేక పెట్టుకొన్నది. సగము పూడిన రంధ్రములలో జుంకాల శీలలు దూర్చుటచే సాయంకాలమునకు తమ్మెలు వాచెను. మఱునాడు అన్నియు పెట్టెలోనికి పోయెను. వలదన్నవారును ఆమెను అడుగలేదు, పెట్టుమన్న మేమును అడుగలేదు. మేమును ప్రియంవదలమే. ఆమెను సభకు సాక్ష్యముగా నిలుపదలచితిమి. మా సంస్కారమునకు సాక్ష్యముగా.

కొన్ని నెలలకు తానే పోయి తెచ్చుకొన్నది. వైద్యునిచే చెవులు మరల కుట్టించుకొని, తమ్మె మానువఱకు సుమారు 6 వారములు ఓపికపట్టెను. అందుకు వేసిన దుద్దులలో నికెలు లేకుండ చూచుకొన్నది. చవుక మిశ్రమలోహములలోని నికెలు చాలమందికి దురదయు పొక్కులును కలిగించును. పిదప మినపగింజంత దుద్దులు, ఒక సన్నని గొలుసు. అంతే. గొలుసునకు 18 కారట్ల బంగార మెన్నినది. అందు వేయి పాళ్ళకు 750 పాళ్ళు మేలిబంగారము. 22 కారట్లలో 916. మేలిమి తగ్గినకొలది మిశ్రము వలన గట్టిదన మెక్కువయగుటచే సన్నని కడియలు త్వరగా అఱుగవు. బల్లపై వ్రాయుచేతికి అడ్డమని ఉంగరము వలదన్నది. కొక్కెము ఒంటిచేతితో పెట్టుకొనగలదో లేదో అంగడిలోనే నాలుగుమాఱులు చూచుకొన్నది.

ఇందు తెలిసికొనదగిన దొకటి కలదు. 2023వ సంవత్సరము ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు గల బంగారు నగపై అక్షరములును అంకెలును కలిసిన ఆరింటి గుర్తు ఉండితీరవలెను. కాని 2 గ్రాములకు లోబడిన సొమ్ములకు హాల్‌మార్కు నిర్బంధమునుండి మినహాయింపు కలదు. అనగా నిరాడంబరమైన చిన్నసొమ్మునకే చట్టపు రక్షణ తక్కువ. కావున మేలిమియు, తూకమును, మజూరియు వేఱువేఱుగా వ్రాసిన రసీదు అడిగి పుచ్చుకొనవలెను. మరల అమ్మునపుడు మజూరియు తరుగును తిరిగి రావు. రాళ్ళ బరువును బంగారముతో కలిపి తూచనీయరాదు.

11వ శతాబ్దమున కాశ్మీరపండితుడైన క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని వాదించెను. మొలనూలు మెడను, హారము నడుమున పెట్టుకొనిన నవ్వులపాలగుదురని ఆయన చూపిన దృష్టాంతము. చోటు తప్పుట యొక్కటే అనౌచిత్యము కాదని మా చెల్లెలి జుంకాలు నాకు నేర్పినవి. చెవికే పెట్టిన కమ్మయైనను, తన యిష్టము లేక, తన పనికి పొసగక, పరుల మాట నెగ్గించుటకు పెట్టినదైనచో అనుచితమే.

ఏడవ యంకమున దుష్యంతుడు పశ్చాత్తప్తుడై ఆ యుంగరమును శకుంతల వ్రేలికి మరల తొడుగబోవును. దానిని తాను నమ్మననియు, ఆయననే ఉంచుకొమ్మనియు ఆమె నెమ్మదిగా చెప్పును. నాటకమంతటను ఆమె తన సొమ్మును గూర్చి తానుగా చేసిన నిర్ణయ మిది యొక్కటే. ఈ యేడు తరగతిలో ఆ మాటవద్ద ఆగితిని. ఒక బాలిక లేచి, ఆమెకు వేఱొక ఉంగరము కావలెనేమో యెవరైన అడిగిరా యని ప్రశ్నించెను. అడుగలేదని చెప్పితిని.