తెర మీది చిత్రలేఖనం: రూపం ఎవరిది, వస్తువు ఎవరిది?

పేదపిల్లలకు బొమ్మలు వేయడం నేర్పే ఆన్‌లైన్ శిబిరాలు 2020 మార్చిలో బడులు మూతపడిన తర్వాత ముమ్మరమయ్యాయి. బడులు తెరిచాక కూడా అవి ఆగలేదు. నిర్వాహకుల సదుద్దేశాన్ని శంకించనక్కరలేదు. అయితే ఆ గంటసేపట్లో పిల్లల చేతికి ఏ దృక్పథం అందుతున్నదో విమర్శకుడు చూడక తప్పదు.

సాధారణంగా జరిగేది ఇది. నగరంలో శిక్షకుడు కెమెరా కింద కాగితం పెట్టి గీస్తాడు: రెండు కొండలు, నడుమ సూర్యుడు, పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు. పిల్లలు చూసి దించుతారు. చివర అందరూ కాగితాలు తెరకెదురుగా పట్టుకుంటే ఫొటో తీస్తారు. అన్ని కాగితాల మీదా అవే కొండలు! కొండ మొహం చూడని డెల్టా పిల్లలవీ అవే కొండలు. బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరే బ్యాంకు పద్ధతి అని విమర్శించింది ఈ చదువునే. గురువు జమ చేస్తాడు, శిష్యుడు దాచుకుంటాడు.

రూపం ముందే తయారై వస్తే వస్తువుకు చోటుండదు. అష్టాదశ వర్ణనల జాబితా ఎదుట పెట్టుకొని కావ్యాలు అల్లినవారి సంగతి సాహిత్య విద్యార్థులకు నేను చెప్పాలా?

ఇటువంటి ఒక శిబిరంలో చివరి పది నిమిషాలు ‘మీ ఇష్టమొచ్చింది వేయండి’ అన్నారు. మా బడిలో ఏడో తరగతి చదివే అమ్మాయి మిరప కల్లం వేసింది. ఎర్రరంగు అయిపోతే ఇటుకముక్క అరగదీసి కాయల రాశికి పూసింది. రాశి చుట్టూ తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు. వాళ్ల ముఖాల్లో కళ్లు మాత్రమే ఉన్నాయి. శిక్షకుడు మెచ్చుకొని, ‘ముక్కూ నోరూ మరిచిపోయావు తల్లీ’ అన్నాడు. ఆ పిల్ల బుద్ధిగా ముక్కులు పెట్టింది, నవ్వుతున్న నోళ్లు పెట్టింది.

మిరప ఘాటుకు ఆ కూలీలు కళ్లు తప్ప ముఖమంతా గుడ్డతో చుట్టుకుంటారు. అమ్మాయి చూసింది చూసినట్టు వేసింది. శిక్షకుడు దుర్మార్గుడు కాడు, కల్లం ఎరగనివాడు, అంతే. ఒకే గదిలో ఉంటే పక్క పిల్లవాడు ‘గుడ్డ కట్టుకున్నారు సార్’ అనేవాడు. ఇక్కడ శిక్షకుడిది తప్ప మైకులన్నీ మూసి ఉన్నాయి. శ్రమను చూసిన కన్ను ఓడిపోయి, నమూనా ముఖం గెలిచింది.

‘ఈ మాత్రం కూడా లేకపోతే వాళ్లకు ఎవరు నేర్పుతారు?’ అంటారు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య నేర్పే పార్ట్‌టైం బోధకుడు ఉండాలంటుంది. ఆ మనిషిని అడగడం మాని, వారానికో గంట తెరతో తృప్తిపడుతున్నాం. ఆ తెరైనా అందరిదీ కాదు. 2021 అసర్ సర్వే ప్రకారం గ్రామాల్లో బడికెళ్లే పిల్లల్లో 67.6 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఆ పిల్లల్లోనూ పావువంతుకు పైగా దాన్ని వాడుకోలేకపోయారు.

తెరను పారవేయమని నా వాదన కాదు. మొదటి అరగంట శిక్షకుడి కెమెరా కట్టేసి పిల్లల మైకులు తెరవాలి. కల్లం, బట్టీ, పడవ, గోడ మీది జాజు పట్టెలు, వాకిట్లో ముగ్గు – ఎవరి సంగతి వాళ్లు చెప్పాలి, ఫోను తిప్పి చూపాలి. ఆ తర్వాత శిక్షకుడు అడగవలసింది ఒక్కటే: ‘వీళ్లకు నోరెందుకు లేదమ్మా?’