ప్రశ్నను తయారుచేసే చదువు

రాబోయే కాలపు సమస్యల గురించి విద్యార్థులు జట్టుగా ఆలోచించే అంతర్జాతీయ కార్యక్రమం ఫ్యూచర్ ప్రాబ్లమ్ సాల్వింగ్. సృజనాత్మకతను కొలిచే పరీక్షలతో పేరుపొందిన మనస్తత్వవేత్త, జార్జియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఇ. పాల్ టోరెన్స్ భార్య పాన్సీతో కలిసి 1974లో దీన్ని మొదలుపెట్టారు. అమెరికాలోని ఏథెన్స్ పట్టణంలో, క్లార్క్ సెంట్రల్ హైస్కూల్లో పుట్టిన ఈ పద్ధతి ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, సింగపూర్ వంటి దేశాలకు పాకింది. దీనికి పునాది అలెక్స్ ఆస్బర్న్, సిడ్నీ పార్న్స్ తీర్చిదిద్దిన సమస్యా పరిష్కార విధానం.

జట్టుకు నలుగురు. అంశాన్ని ముందే ప్రకటిస్తారు కాబట్టి దాని మీద బాగా చదువుకుని వస్తారు. పోటీ రోజున, కొన్ని దశాబ్దాల తర్వాత జరుగుతున్నట్టు ఊహించి రాసిన కథనం ఒకటి చేతికిస్తారు. రెండు గంటల్లో ఆరు దశలు పూర్తిచెయ్యాలి.

మొదటి దశలో ఆ కథనంలో పొంచి ఉన్న చిక్కులను రాస్తారు. 2060లో తాగునీటికి ఒకే ఒక సముద్రజల శుద్ధి కేంద్రం మీద ఆధారపడిన నగరం గురించి కథనం ఇచ్చారనుకుందాం. యంత్రం చెడితే ఊరంతా ఎండిపోతుంది, పేదలు ఆ నీటి ధర భరించలేరు, తిరిగి కడలిలోకి వదిలే చిక్కటి ఉప్పునీటికి చేపలు చనిపోతాయి. ఇలా పదహారు దాకా రాయవచ్చు.

రెండో దశ ఈ పద్ధతికి ప్రాణం. ఆ చిక్కుల్లోంచి ఒక మూల సమస్యను ఎంచుకుని ప్రశ్నగా రాయాలి: "నీరంతా ఒకే కేంద్రం నుంచి వస్తున్నందువల్ల, 2060లో ఈ నగరవాసులకు నీటి సరఫరా ఆగిపోకుండా ఉండేందుకు ఇతర నీటి వనరులను ఎలా పెంచవచ్చు?" కారణం, చోటు, కాలం, ప్రయోజనం, చేయాల్సిన పని, అన్నీ అందులోనే ఉన్నాయి. పని మాత్రం ఒక్కటే ఉండాలి. వనరులు పెంచడం, ధర తగ్గించడం రెండూ ఒకే ప్రశ్నలో ఇరికిస్తే ఆలోచన చెదిరిపోతుంది. పరీక్షల చదువులో ప్రశ్న ఎప్పుడూ పుస్తకానిదే, పిల్లలది జవాబు మాత్రమే. ఇక్కడ ప్రశ్న కూడా పిల్లలదే కావడం చాలా పెద్ద విషయం.

తర్వాత పరిష్కారాలు. ఎవరు చేస్తారు, ఏం చేస్తారు, ఎలా, ఎందుకు అన్నవి ప్రతిదానిలోనూ చెప్పాలి. నాలుగో దశలో వాటిని తూచడానికి అయిదు ప్రమాణాలు పెట్టుకుంటారు: ఏది త్వరగా అందుతుంది, ఏది ఎక్కువ కుటుంబాలకు ఉపయోగపడుతుంది వంటివి. అయిదో దశలో గళ్ల పట్టిక గీసి, మేలైన ఎనిమిది పరిష్కారాలకు ఒక్కో ప్రమాణం కింద ఒకటి నుంచి ఎనిమిది వరకు మార్కులు వేస్తారు. అన్నిటికన్నా మేలైనదానికి ఎనిమిది. మొత్తం కూడాక, జట్టులో గట్టిగా వాదించినవారి ఆలోచన కిందికి జారి, మెల్లగా మాట్లాడేవారిది పైకి రావచ్చు. ఎవరి మాట నెగ్గాలన్న పంతానికి అక్కడ చోటు తక్కువ. నెగ్గిన పరిష్కారాన్ని ఆరో దశలో కార్యాచరణ ప్రణాళికగా విస్తరిస్తారు, ఆ తర్వాత చిన్న నాటికగా ప్రదర్శిస్తారు కూడా.

ఊహించిన కథనాలతో ఇది ఆగదు. సామాజిక సమస్యల విభాగంలో విద్యార్థులు తమ ఊళ్లో నిజంగా ఉన్న సమస్యను తీసుకుని, ఇవే ఆరు దశలతో ప్రణాళిక వేసి, దాన్ని స్వయంగా అమలు చేస్తారు.