నూటపదహార్ల గూఢచారి

మొన్న శనివారం సన్నీవేల్‌లో మా ఇంట్లో 'గూఢచారి 116' పెట్టుకుని కూర్చున్నాను. ఇక్కడే పుట్టిన మా అబ్బాయి పది నిమిషాలు చూసి, "ఇది కామెడీయా నాన్నా?" అన్నాడు. కాదురా అన్నానే గాని, మరేమిటో అప్పటికప్పుడు చెప్పలేకపోయాను.

1966లో సుందర్‌లాల్ నహతా, డూండీ తీసిన నలుపు తెలుపు చిత్రం ఇది. దర్శకుడు ఎం. మల్లికార్జునరావు. 'తేనె మనసులు'లో కృష్ణ స్కూటరు మీంచి కారు మీదికి దూకడం చూసి డూండీ ఈ వేషం ఇచ్చారని చెబుతారు. ఒక గూఢచారి హత్యకు గురైతే, ఆ ఆనవాళ్ళు పట్టుకుని 116 బయల్దేరతాడు. అనుమానం కాస్తా జయలలిత తండ్రి మీదికి పోతుంది. ప్రాణగండం మధ్యలో హఠాత్తుగా యుగళగీతం! కథనంలో ఇది లోపమే, ఒప్పుకుంటాను. కానీ కలలో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎలా వెళ్ళామని మనం అడగం కదా? ఈ సినిమా కూడా అడగనివ్వదు.

దీని ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ 1967లో ఇదే కథను తానే దర్శకుడై హిందీలో 'ఫర్జ్'గా తీశాడు. అది రంగుల్లో వచ్చింది, బాగా ఆడింది. అయినా నా ఓటు తెలుగుకే. డబ్బు చాలనిచోట నలుపు తెలుపులో నీడ పూరిస్తుంది. రంగుల్లో అట్ట అట్టలాగే కనిపిస్తుంది.

దీనికి మూలం 1964 నాటి ఫ్రెంచి సినిమా అంటారు. అందులో గూఢచారి అంకె 117. మనవాళ్ళు ఒకటి తగ్గించారు. నూటపదహార్లు! తాంబూలంలో పెట్టి చేతికిచ్చే అంకె. ఎందుకు తగ్గించారోగాని, ఆ ఒక్క అంకెతో పరాయి గూఢచారి మన పెళ్ళిపందిట్లోకి వచ్చేశాడు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసేది కృష్ణ ముఖం. బుర్రిపాలెం కుర్రాడు బాండు కోటు తొడుక్కుని, ఒక్కసారైనా మనకేసి చూసి కన్ను గీటడు. పూర్తిగా నమ్మాడు.

ఈ దేశంలో నా మొదటి ఇంటర్వ్యూకి రూమ్మేటు కోటు వేసుకెళ్ళాను. చేతులు అరచేతుల దాకా వచ్చాయి. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

ఈ సంగతి అబ్బాయికి భోజనాల దగ్గర చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఇంతకీ హంతకుడు దొరికాడా?" అన్నాడు.

మళ్ళీ మొదటినుంచీ పెట్టాను.