చీపురుపుల్ల పట్టేంత సందు

మా వాషింగ్ మెషీన్ ఆగిపోతే మెకానిక్ వచ్చి కొత్త బోర్డు బిగించి వెళ్లాడు. పాతది పారేయబుద్ధి కాలేదు. కిటికీ దగ్గర పెట్టుకుని, భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. అరచేయంత అట్ట మీద ఇంత ఆలోచన ఉంటుందని అనుకోలేదు.

ప్లగ్గులోంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ. బటన్లనీ లైట్లనీ చూసుకునే చిప్పుకి కావలసింది 5 వోల్టులు. లోపలికి రాగానే ఫ్యూజు, దాని పక్కన 471 అని రాసిన నీలం బిళ్ల. 47 పక్కన ఒక సున్నా, అంటే 470 వోల్టులు. ఎక్కడో పిడుగు పడి వోల్టేజి అంతకు మించి ఎగిరితే కరెంటును ఈ బిళ్ల తన మీదుగా మళ్లించుకుంటుంది. తాను మాడిపోయైనా ఫ్యూజు ఎగరగొడుతుంది. తర్వాత నాలుగు డయోడ్లు ఏసీని డీసీ చేస్తాయి. అక్కడ 230 కాస్తా దాదాపు 325 అవుతుంది, ఎందుకంటే అల కొస ఎత్తు అంత. కెపాసిటర్ మీద 400 వోల్టులని రాసింది అందుకే.

నేను ఎక్కువసేపు చూసింది మాత్రం ఒక ఖాళీని. వోల్టేజిని దించే ట్రాన్స్‌ఫార్మర్ కిందా, నాలుగు కాళ్ల ఆప్టోకప్లర్ కిందా బోర్డును సన్నగా కోసేశారు. చీపురుపుల్ల పట్టేంత సందు. ఈ గట్టున 325, ఆ గట్టున 5. బట్టలుతికే చోట తేమ, సబ్బుపొడి, దుమ్ము పేరుకుంటే వాటి మీదుగా కరెంటు పాకుతుంది. ఆ పాకే దారినే తెగ్గొట్టారు! మరి 5 వోల్టులు సరిపోయాయన్న కబురు ఇవతలికి రావాలి కదా? ఆప్టోకప్లర్ లోపల ఆ గట్టున చిన్న ఎల్ఈడీ వెలుగుతుంది, ఈ గట్టున ఒక కన్ను దాన్ని చూస్తుంది. కబురు వెలుగై దాటుతుంది, కరెంటు దాటదు.

ఇలాంటి పవర్ సప్లైలు చాలావరకు 90 నుంచి 265 వోల్టుల దాకా ఎంత వచ్చినా సర్దుకుంటాయి. మోటారుకు అంత ఓర్పు లేదు. ఎండాకాలం వోల్టేజి పడిపోయినప్పుడు లైట్లు వెలుగుతూనే ఉండి డ్రమ్ము తిరగకపోతే కారణం తరచు అదే.

నాకు నచ్చనిది ఒకటుంది. మా బోర్డులో కాలింది ఒక్క రిలే. రిపేరు కొట్టులో సోల్డరింగ్ ఐరన్‌తో మార్చగలిగేదే. ఇప్పుడు కొన్ని మోడళ్లలో బోర్డంతా జిగురు పోసేస్తున్నారు, తేమా చేరదు, రిపేరూ కుదరదు.

పాత బోర్డు దొరికితే మీరూ చూడండి. కానీ చాలా యంత్రాల్లో ఈ సందు ఉండదు, 5 వోల్టుల వైపు కూడా నేరుగా మెయిన్స్‌కు కలిసే ఉంటుంది. కాబట్టి ప్లగ్గులో ఉండగా ముట్టుకోకండి, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్‌లో ఆ 325 వోల్టులు కాసేపు నిలిచి ఉండొచ్చు.