ఎగరని విమానం, ఎగిరిపోయే డబ్బు

కరోనా లాక్‌డౌన్ వల్ల 2020 మార్చి 25 నుంచి రెండు నెలల పాటు దేశంలో మామూలు విమాన సర్వీసులు నిలిచిపోయాయి. అప్పటికే టికెట్లు కొన్నవాళ్లలో చాలామందికి ఎయిర్‌లైన్లు డబ్బు తిరిగివ్వలేదు. మీ సొమ్ము మా దగ్గర ‘క్రెడిట్ షెల్’లో ఉంది, ఫలానా తేదీలోగా వాడుకోండి అన్నాయి. వినడానికి ఉదారంగానే ఉంది. నిజానికది ప్రయాణికుడు ఎయిర్‌లైన్‌కి ఇచ్చిన చేబదులు. వడ్డీ లేదు, పూచీ లేదు. పైగా గడువు దాటితే నష్టపోయేది అప్పు ఇచ్చినవాడే. నా పేచీ ఆ గడువుతోనే.

చేబదులు అనడం అతిశయోక్తి కాదు. విమానం ఎగిరేదాకా టికెట్ డబ్బును సంస్థ తన పద్దుల్లో ఆదాయంగా చూపదు, బాకీగానే రాస్తుంది. క్రెడిట్ చెల్లకుండా పోయాక ఆ బాకీయే ఆదాయమైపోతుంది. 2020 అక్టోబరు 1న ప్రవాసీ లీగల్ సెల్ కేసులో సుప్రీంకోర్టు ఈ తిరకాసును సరిచేసింది. లాక్‌డౌన్‌కి ముందు కొన్న టికెట్లకు 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలంది. ఇవ్వలేని స్థితిలో ఉన్న సంస్థ 2021 మార్చి 31 దాకా క్రెడిట్ షెల్ పెట్టుకోవచ్చు గానీ, దాని విలువను 2020 జూన్ వరకు నెలకు అర శాతం, ఆపైన ముప్పావు శాతం చొప్పున పెంచాలి. ఏప్రిల్ 1న రద్దయిన 5,000 రూపాయల టికెట్‌కి ఏడాదికి వచ్చేది సుమారు 412 రూపాయలు. అదేమంత గొప్ప మొత్తం కాదు. కీలకం చివరి షరతు: అప్పటికీ వాడుకోకపోతే నగదే చేతికివ్వాలి. గడువు కత్తి ప్రయాణికుడి మెడ మీద నుంచి సంస్థ మెడ మీదికి మారింది.

అమెరికాలో కథ వేరు. విమానాన్ని సంస్థే రద్దు చేస్తే డబ్బు ఇవ్వాల్సిందేనని అక్కడి రవాణా శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. వైరస్‌కి భయపడి ప్రయాణికుడే మానుకుంటే మాత్రం సాధారణంగా క్రెడిట్టే గతి. దాని గడువు చాలాచోట్ల రద్దు చేసుకున్న రోజు నుంచి కాదు, టికెట్ కొన్న రోజు నుంచి లెక్క. జనవరిలో కొని డిసెంబరు ప్రయాణం మానుకున్నవాడికి మిగిలేది నెలే. ఆ తేదీలోగా బుక్ చేస్తే చాలా, ప్రయాణమూ అయిపోవాలా అన్నది సంస్థకో తీరు. (క్రెడిట్ చేతిలో ఉన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.) తర్వాత గడువులు పొడిగించారు, నిజమే. కానీ అది దయ, హక్కు కాదు. సౌత్‌వెస్ట్ 2022 జూలైలో గడువునే ఎత్తేసి, 2025లో కొత్త టికెట్లకు మళ్లీ పెట్టింది.

అందరికీ ఒకేసారి డబ్బు ఇచ్చేస్తే ఎయిర్‌లైన్లు మునిగేవంటారు. కావచ్చు. ఆ వాదన వాయిదా అడగడానికి సరిపోతుంది, ఎగ్గొట్టడానికి కాదు. సంస్థ మునిగినా తేలినా భారం ప్రయాణికుడిదే అయినప్పుడు ఆ వాయిదాకి వడ్డీ అడగడం అత్యాశేమీ కాదు. 2023 మేలో గో ఫస్ట్ దివాలా పిటిషన్ వేసి విమానాలు ఆపేసినప్పుడు టికెట్లు కొన్నవాళ్ల డబ్బు అందులోనే చిక్కుకుంది. చవక టికెట్‌కి రీఫండ్ ఉండదని తెలిసే కొన్నారు కదా అన్నది ఇంకో మాట. ఆ షరతు మనసు మార్చుకున్నవాడికి. ఇల్లు కదలొద్దని ప్రభుత్వమే చెప్పినప్పుడు వర్తించదు. లెక్కలు ఎప్పటికైనా ముగించాలి కదా అనే ఆడిటర్ల మాటలో మాత్రం న్యాయముంది. అయితే గడువు రోజున మిగిలిన సొమ్మును కొన్నవాడి ఖాతాకి తిప్పి పంపినా ఆ పద్దు మూతపడుతుంది.