శ్రీకాళహస్తి గీతకు మూలం వెదురు కలం

శ్రీకాళహస్తి కలంకారీ గురించి రాసేవాళ్లు ఎక్కువగా బొమ్మల దగ్గరే ఆగిపోతారు. రామాయణ ఘట్టాలు, కల్పవృక్షం, పెద్ద పెద్ద కళ్ల దేవతలు ఎంత చెప్పినా తరగని విషయాలే. కానీ ఆ కళ్లను గీసిన పనిముట్టు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. జానెడు వెదురుపుల్ల, దాని నడుమ ఒక ఉన్నిముడి, ముడిని బిగించిన నూలుదారం. అంతకుమించి కలంలో ఏమీ లేదు. ఈ పనిలోని సగం విద్య మాత్రం ఆ ముడిలోనే ఉందని నా నమ్మకం.

వెదురుబద్దను చెక్కి ఒక కొనను సన్నం చేస్తారు. గీతలు గీసే కలానికి మొన వాడిగా ఉండాలి. రంగు నింపే కలానికి మొన మొద్దుగా ఉంటే చాలు. మొనకు కాస్త పైన ఉన్నినో పాత కంబళి ముక్కనో చుట్టి దారంతో కడతారు. కలాన్ని రంగులో ముంచితే ఉన్ని దాన్ని తాగుతుంది. వేళ్లతో నొక్కితే రంగు మొనకు జారుతుంది, పట్టు సడలిస్తే ఆగుతుంది. ముడి మొనకు మరీ దగ్గరైతే రంగు బొట్లుబొట్లుగా పడుతుంది, దూరమైతే గీత మధ్యలో తెగుతుంది. వదులుగా చుడితే కారిపోతుంది, మరీ బిగిస్తే ఉన్నికి రంగే పట్టదు. అందుకే ఎవరి చేతికి తగిన కలం వాళ్లే చేసుకుంటారు. కనుబొమ దగ్గర సన్నగా మొదలై, వంపులో బలిసి, చివర మళ్లీ సన్నబడే గీత ఒక్క ఊపులో వచ్చిందంటే, అంతసేపూ ఆ వేళ్లు ఉన్నిని ఎక్కడ ఎంత నొక్కాలో లెక్క తప్పలేదన్నమాట.

ఈ కలం ఎంత పాతదో చెప్పడానికి ఒక సాక్ష్యముంది. కోరమాండల్ తీరంలో ఉంటూ తెలుగు నేర్చి, నిఘంటువు కూడా కూర్చిన ఫ్రెంచి జెసూట్ పాదిరీ కూర్దూ, ఇక్కడి అద్దకపు పనివాళ్ల దగ్గర విన్నవీ చూసినవీ 1742లో ఒక ఉత్తరంలో రాసి పంపాడు. ఐరోపాలో ఆ గుడ్డల మీద ఎంత మోజు పుట్టిందంటే, ఫ్రాన్సు 1686లోనే వాటిని నిషేధించింది. రంగు ఉతికినా పోని రహస్యం అక్కడివాళ్లకు కావాలి. కూర్దూ ఉత్తరంలో రంగుల వివరాలతో పాటు వెదురు కలం ముచ్చట కూడా ఉంది.

కలం ఒక్కటే బాగుంటే సరిపోదు, దాని కింది గుడ్డ కూడా సిద్ధం కావాలి. గాడా గుడ్డను కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేస్తారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. కరక్కాయలోని వగరు నలుపు కోసం కాచుకుని ఉంటుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మను లీలగా గీసుకుంటారు, ఆ తర్వాతే కలం అందుకుంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చేది కసింకారం. అందులోని ఇనుము గుడ్డమీది వగరును తాకగానే నల్లబడుతుంది. ఆ నలుపును చెరపడం కుదరదు. బొగ్గు గీతను దులిపేయొచ్చు గానీ, కలం గీత పడిందంటే పడినట్టే.

ఎరుపు సంగతి వేరు. కలంతో రాసేది ఎరుపు రంగు కాదు, పటిక నీళ్లు. తర్వాత గుడ్డను సురుడుచెక్క, మంజిష్ఠ లాంటివి వేసిన నీళ్లలో ఉడికిస్తే, పటిక పడినచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఉడికించే ముందు, మిగిలిపోయిన పటిక వేరే చోటికి అంటుకోకుండా గుడ్డను పారే నీటిలో ఉతకాలి. ఈ పని స్వర్ణముఖి ఒడ్డున వేళ్లూనుకోవడానికి ఇదొక కారణం. పసుపు, నీలిమందు ఆ తర్వాత వస్తాయి.

కలాన్ని కాపాడుకునే పద్ధతులన్నీ ఈ రసాయనం నుంచి పుట్టినవే. కసింకారం తాగిన కలాన్ని పటికలో ముంచకూడదు. ఉన్నిలో దాక్కున్న పిసరంత ఇనుము చాలు, కరక్కాయ గుడ్డమీద మసక పడుతుంది. ఉడికించాక అక్కడ ఎరుపు కళతప్పి ముదురుతుంది. అందుకే ఏ రంగు కలం ఆ రంగుకే. కసింకారాన్ని వడకట్టి వాడుకోవాలి, లేకపోతే నలక మొనకు అడ్డుపడుతుంది. అందులో ఉండేది బెల్లం కాబట్టి, పని అయ్యాక ఉన్నిని నీళ్లలో పిండకుండా వదిలేస్తే గట్టిపడి, మర్నాడు రంగు తాగదు. రాసేకొద్దీ గుడ్డ రాపిడికి మొన అరుగుతుంది, అప్పుడు మళ్లీ చెక్కాలి. చెక్కీ చెక్కీ మొన ముడికి దగ్గరైతే ముడి విప్పి పైకి కట్టాలి. ఉన్ని పాడైతే కొత్తది చుట్టాలి. చూసేవాళ్లకు ఇవి చిల్లర పనులు, కానీ వీటిలో ఏది తప్పినా ఫలితం దేవుడి ముఖంమీద కనిపిస్తుంది.

ఈ చేతిపని ఒకప్పుడు దాదాపు ఆగిపోయింది. చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ జొన్నలగడ్డ లక్ష్మయ్య నేర్పారు. తర్వాతి తరంలో జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 2022లో ఊరు చిత్తూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మారినా, పని మాత్రం కలంతోనే సాగుతోంది. కృష్ణా జిల్లా పెడనలోదీ కలంకారీయే. అక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు, అది వేరే విద్య, దాని గొప్ప దానిది.

నా బాధంతా స్క్రీన్ అచ్చు బట్టను కలంకారీ పేరుతో అమ్మడం మీదే. తిరుమల దర్శనం చేసుకుని శ్రీకాళహస్తికి వచ్చేవాళ్లు నాలుగు వందల రూపాయల దుపట్టా చూసి, చేతితో రాసిన చీర ధర విని బెదిరిపోతారు. కొనేముందు గుడ్డను వెలుతురులోకి పట్టుకెళ్లండి. పక్కపక్కన ఉన్న రెండు ఆకులనో రెండు నెమళ్లనో పోల్చి చూడండి. స్క్రీన్ అయితే రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. కలమైతే ఏదో ఒక వంపులో తేడా ఉంటుంది. ఒక్క గీతనే మొదటినుంచి చివరిదాకా కంటితో వెంబడించండి. ఒకచోట బలిసి ఒకచోట సన్నబడుతుంటే, రాసినవారు ఉన్నిని ఎక్కడ నొక్కారో, ఎక్కడ వదిలారో, మళ్లీ ఎక్కడ ముంచుకున్నారో మీకే తెలుస్తుంది. తర్వాత, ఆ చీరకు ఎన్నాళ్లు పట్టిందో రాసినవారినే అడగండి. చాలామంది సంతోషంగా చెబుతారు, అడిగితే కలం కూడా చూపిస్తారు.